సీసా మీద 5 మిల్లీగ్రాములు, ద్రావణంలో ఎంత? పరిశోధన పెప్టైడ్‌ల గాఢత లెక్కకు సమగ్ర మార్గదర్శి

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయంలోనో జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేసే విద్యార్థికి ఒక పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) సీసా చేతికి రావడమంటే చిన్న విషయం కాదు. కొటేషన్లు తెప్పించాలి, బిల్లుకు మంజూరు రావాలి, ఆపైన హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో పార్శిల్ చేరాలి. అంత నిరీక్షణ తరువాత వచ్చిన సీసాను తెరిచి, లేబుల్ మీద ఉన్న అంకెను అణుభారంతో భాగించి, వచ్చిన జవాబే గాఢత అని రాసుకుంటే ఆ తరువాతి ప్రయోగాలన్నీ ఒకే తప్పును మోస్తాయి. మోతాదు మారితే ప్రభావం ఎలా మారుతుందో చూపే వక్రరేఖ పక్కకు జరుగుతుంది, మరో ప్రయోగశాల ఫలితంతో పోలిక కుదరదు, కారణం మాత్రం ఎక్కడా కనిపించదు.

ఈ లెక్కలో గణితం ఎనిమిదో తరగతి స్థాయిదే. కష్టమంతా ఏ అంకెను ఎక్కడ వాడాలో తెలుసుకోవడంలో ఉంది. అందుకే ఒకే పెప్టైడ్‌ను ఉదాహరణగా తీసుకుని చివరిదాకా దానితోనే నడుస్తాను. అది యాంజియోటెన్సిన్ 2. ఎనిమిది అమైనో ఆమ్లాల గొలుసు: ఆస్పార్టిక్ ఆమ్లం, ఆర్జినిన్, వాలిన్, టైరోసిన్, ఐసోల్యూసిన్, హిస్టిడిన్, ప్రోలిన్, ఫినైల్‌అలనిన్. అణుభారం 1046.2. రక్తపోటును పెంచే హార్మోన్ కాబట్టి చాలా ప్రయోగశాలల్లో దీని వాడకం ఉంది. పైగా ఇందులో ఒక టైరోసిన్ ఉండటం మన లెక్కను సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇక్కడ చెప్పేదంతా ప్రయోగశాల బల్ల మీద జరిగే పనికి మాత్రమే. 'పరిశోధనకు మాత్రమే' అని రాసి ఉన్న పెప్టైడ్‌కు మనిషి శరీరంలోకి వెళ్లే మందుకు జరిగే పరీక్షలు జరగవు. సూక్ష్మజీవులు లేవన్న హామీ గానీ, ఎండోటాక్సిన్ (బాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) పరిమితి గానీ, మోతాదు గానీ దానికి ఉండవు. ఆన్‌లైన్‌లో ఇలాంటి సీసాలు కొని ఒంటికి ఎక్కించుకునే వాళ్లున్నారని విన్నప్పుడు నాకు నిజంగా భయం వేస్తుంది. ఎంత ఖచ్చితంగా లెక్క వేసినా ఆ ప్రమాదం తగ్గదు.

మొదటి అడుగు: సీసాను తెరవకండి, ముందు కాగితం చదవండి

సీసాతోపాటు విశ్లేషణ ధ్రువపత్రం వస్తుంది. పెట్టెలో లేకపోతే బ్యాచ్ నంబరు చెప్పి సరఫరాదారు నుంచి తెప్పించుకోండి. అందులో నాలుగు అంకెలు వెతకాలి: మొత్తం బరువు, శుద్ధత, నికర పెప్టైడ్ శాతం (పొడి మొత్తం బరువులో పెప్టైడ్ వాటా), అణుభారం.

శుద్ధత, నికర పెప్టైడ్ శాతం ఒకటే అనుకోవడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. శుద్ధతను హెచ్‌పీఎల్‌సీతో, అంటే ద్రావణంలోని పదార్థాలను విడదీసి చూపే యంత్రంతో, కొలుస్తారు. 214 లేదా 220 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకునే పదార్థాల్లో మనకు కావలసిన పెప్టైడ్ వాటా ఎంతో అది చెబుతుంది. అంటే తయారీలో మిగిలిన అరకొర గొలుసులతో పోలికే తప్ప, పొడిలో ఉన్న నీటి గురించి, లవణం గురించి ఆ అంకెకు ఏమీ తెలియదు. శుద్ధత 97 శాతం ఉన్న పొడిలో పావు వంతు బరువు పెప్టైడ్ కానిదే కావచ్చు.

ఆ పావు వంతు ఎక్కడి నుంచి వస్తుంది? 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ ప్రకటించిన ఘనస్థితి సంశ్లేషణ పద్ధతికి 1984లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నేటి పెప్టైడ్‌లు ఎక్కువగా ఆ దారిలోనే తయారవుతాయి. గొలుసును అది పెరిగిన ఘన ఆధారం, అంటే రెజిన్, నుంచి విడదీయడానికి, ఆ తరువాత హెచ్‌పీఎల్‌సీలో శుద్ధి చేయడానికి ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం, అంటే టీఎఫ్‌ఏ, వాడతారు. పెప్టైడ్‌లో ధనావేశం ఉన్న ప్రతిచోటా ఒక టీఎఫ్‌ఏ అయాన్ జతగా అంటుకుని మిగిలిపోతుంది. మన యాంజియోటెన్సిన్‌లో అలాంటి చోట్లు మూడు: గొలుసు మొదటి అమైన్, ఆర్జినిన్, హిస్టిడిన్. టీఎఫ్‌ఏ అణుభారం 114. మూడు కలిస్తే 342. లవణంతో కలిపి మొత్తం 1388.2. అందులో పెప్టైడ్ వాటా 1046.2, అంటే సుమారు 75 శాతం. ఇంకొంచెం నీరు కూడా ఉంటుంది కాబట్టి ధ్రువపత్రంలో 74 శాతం అని ఉంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

ధ్రువపత్రంలో నికర శాతం లేనప్పుడు ఇదే పద్ధతిలో మీరే అంచనా వేసుకోవచ్చు. లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్‌లను లెక్కపెట్టి, గొలుసు మొదటి అమైన్ స్వేచ్ఛగా ఉంటే ఒకటి కలిపి, ఆ సంఖ్యను 114తో గుణించండి. ఆర్జినిన్‌లు, లైసిన్‌లు ఎక్కువగా ఉన్న పెప్టైడ్‌లో ఈ వాటా భయపెట్టేంత పెద్దదవుతుంది. అయితే అది అంచనా మాత్రమేనని నోట్‌బుక్‌లో స్పష్టంగా రాయండి.

అణుభారం దగ్గర రెండు ఉచ్చులున్నాయి. కొందరు సరఫరాదారులు లవణంతో కలిపిన అణుభారం ఇస్తారు, కొందరు పెప్టైడ్‌ది మాత్రమే ఇస్తారు. నికర పెప్టైడ్ బరువుతో లెక్క వేస్తుంటే పెప్టైడ్ అణుభారం వాడాలి. మొత్తం బరువుతో వేస్తుంటే లవణంతో కలిపిన అణుభారం వాడాలి. నికర బరువు తీసుకుని లవణపు అణుభారంతో భాగిస్తే టీఎఫ్‌ఏను రెండుసార్లు తీసేసినట్లవుతుంది. రెండో ఉచ్చు మాస్ స్పెక్ట్రమ్, అంటే అణువుల ద్రవ్యరాశిని చూపే గ్రాఫ్. అందులో 1046.5 దగ్గర కనిపించే శిఖరం ఒక ప్రోటాన్ అంటుకున్న అణువుది, 523.8 దగ్గరిది రెండు ప్రోటాన్లు అంటుకున్న అణువుది. ఆ అంకెలను అణుభారం గడిలో రాయకూడదు.

రెండో అడుగు: మోల్స్ లెక్క

మన సీసా మీద 5 మి.గ్రా. అని ఉంది. ధ్రువపత్రంలో నికర పెప్టైడ్ 74 శాతం, శుద్ధత 97 శాతం అనుకుందాం.

నికర పెప్టైడ్: 5 × 0.74 = 3.70 మి.గ్రా.

అందులో మనకు కావలసిన గొలుసు: 3.70 × 0.97 = 3.59 మి.గ్రా.

మోల్స్: 3.59 ÷ 1046.2 = 0.00343 మిల్లీమోల్స్, అంటే 3.43 మైక్రోమోల్స్.

లేబుల్ మీది 5 మి.గ్రా.ను నేరుగా భాగించి ఉంటే 4.78 మైక్రోమోల్స్ వచ్చేది. నిజంగా ఉన్నది అంతకంటే 28 శాతం తక్కువ. అంటే 100 నానోమోలార్ అనుకుని కణాలకు ఇచ్చేది 72 నానోమోలార్. ఎంజైమ్ నిరోధక స్థిరాంకం, గ్రాహక బంధన స్థిరాంకం వంటివి కొలిచేటప్పుడు ఇది దాచిపెట్టలేనంత తేడా.

మూడో అడుగు: ఎంత ద్రావణి పోయాలి

ఇక్కడ చాలామంది ఒక మిల్లీలీటరు పోసి, ఎంత గాఢత వస్తే అంత అని వదిలేస్తారు. అది తప్పు కాదు గానీ, ఆ తరువాత ప్రతి విలీనానికీ, అంటే పలుచన చేసిన ప్రతిసారీ, 3.43 వంటి అంకెతో కుస్తీ పట్టాలి. గుండ్రని గాఢతను ముందే నిర్ణయించుకుని దానికి తగిన ఘనపరిమాణం లెక్కించడం మేలు.

కావలసిన మిల్లీలీటర్లు = మైక్రోమోల్స్ ÷ కావలసిన మిల్లీమోలార్ గాఢత.

2 మిల్లీమోలార్ కావాలంటే 3.43 ÷ 2 = 1.715 మి.లీ., అంటే 1715 మైక్రోలీటర్లు. యూనిట్లు ఎందుకు సరిపోయాయో ఒకసారి చూసుకోండి: ఒక మిల్లీమోలార్ అంటే లీటరుకు ఒక మిల్లీమోల్, అంటే మిల్లీలీటరుకు ఒక మైక్రోమోల్. ఈ ఒక్క సమానత్వం మనసులో నిలిస్తే సున్నాలు జారిపోవు. అలాగే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము అన్నా, మైక్రోలీటరుకు ఒక మైక్రోగ్రాము అన్నా ఒకటే.

పొడి ఆక్రమించే చోటును లెక్కలోకి తీసుకోవాలా అని విద్యార్థులు తరచూ అడుగుతారు. 5 మి.గ్రా. పెప్టైడ్ సుమారు 4 మైక్రోలీటర్ల చోటు తీసుకుంటుంది. 1715లో 4 ఎంత? వదిలేయండి.

సీసాలోంచి కొంత పొడిని తూకం వేసి తీసుకోవాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. మన ప్రయోగశాలల్లో ఎక్కువగా ఉండే నాలుగు దశాంశాల తూకం 0.1 మి.గ్రా. దాకానే చదువుతుంది. దాని మీద 1 మి.గ్రా. తూచితే చివరి అంకె ఒక్కటి కదిలినా 10 శాతం తేడా. పైగా ఆరబెట్టిన పెప్టైడ్ పొడి స్థిరవిద్యుత్తుతో స్పాట్యులాకు అతుక్కుంటుంది, గాలిలోని తేమను లాక్కుంటుంది. సీసా మొత్తాన్ని ఒకేసారి కరిగించండి.

నాలుగో అడుగు: ఏ ద్రావణిలో

గొలుసులోని ఆవేశాలను కూడండి. లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్, మొదటి అమైన్‌లకు ఒక్కొక్కటి చొప్పున ధనం. ఆస్పార్టిక్, గ్లూటమిక్ ఆమ్లాలు, చివరి కార్బాక్సిల్‌కు ఒక్కొక్కటి చొప్పున రుణం. యాంజియోటెన్సిన్‌కు మూడు ధనాలు, రెండు రుణాలు, మొత్తం మీద ధనం ఒకటి. నీటిలో కరుగుతుంది. ధనావేశపు పెప్టైడ్ నీటిలో మొరాయిస్తే కొద్దిగా పలుచని అసిటిక్ ఆమ్లం సాయం చేస్తుంది. రుణావేశపు దానికి పలుచని అమ్మోనియం బైకార్బొనేట్ వంటి తేలికపాటి క్షారం పనిచేస్తుంది, కానీ సిస్టీన్ ఉంటే క్షారం వద్దు. ఆవేశాలు తక్కువగా ఉండి నీటిని ఇష్టపడని అమైనో ఆమ్లాలు ఎక్కువైతే ముందు కొద్దిపాటి డీఎంఎస్‌ఓ అనే సేంద్రియ ద్రావణిలో కరిగించి, కలుపుతూ, చుక్కచుక్కగా బఫర్ (ఆమ్లత్వం మారకుండా నిలిపే ద్రావణం) చేర్చాలి. సిస్టీన్, మెథియోనిన్ ఉన్నవాటిని డీఎంఎస్‌ఓ ఆక్సీకరణం చెందించవచ్చు కాబట్టి వాటికి డీఎంఎఫ్ అనే మరో ద్రావణి మేలు. కణాల మీద ప్రయోగమైతే చివరి ద్రావణంలో డీఎంఎస్‌ఓ 0.1 శాతం దగ్గర ఉండేలా చూసుకోండి, పెప్టైడ్ లేకుండా అదే ద్రావణిని ఇచ్చిన నియంత్రణ నమూనా పెట్టడం మరవకండి.

నీరు గురించి ఒక మాట. అనంతపురం జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే, బోరు నీటి కాఠిన్యం కూడా ఎక్కువే. కారిడార్‌లో ఉండే తాగునీటి ఆర్‌ఓ యంత్రం నీరు ప్రయోగానికి పనికిరాదు. అత్యంత శుద్ధ నీటి యంత్రం నుంచి అప్పుడే పట్టిన నీరు తీసుకోండి. ఆ యంత్రం పనిచేయకపోతే పక్క విభాగాన్ని అడగడానికి మొహమాటపడకండి.

ఐదో అడుగు: కరిగించడం

ఫ్రీజర్ నుంచి తీసిన సీసాను మూత తెరవకుండా గది ఉష్ణోగ్రతకు రానివ్వండి. చల్లటి సీసాను తెరిస్తే గాలిలోని తేమ పొడి మీద పేరుకుంటుంది. వేసవిలో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది కదా అని తొందరపడవద్దు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వాన పడిన రోజున తేడా కంటికే కనిపిస్తుంది. తరువాత సీసాను కొద్ది సెకన్లు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మూతకు, గోడలకు అంటుకున్న పొడి అడుగుకు చేరుతుంది. చాలాసార్లు సీసాలో పొడి అసలు కనిపించదు, పలుచని పొరలా గోడకు అతుక్కుని ఉంటుంది. ఖాళీ సీసా పంపారని ఫిర్యాదు చేయడానికి ముందు వెలుతురులో తిప్పి చూడండి.

1715 మైక్రోలీటర్లను గోడల మీదుగా జార్చి, నెమ్మదిగా దొర్లించండి. నురగ వచ్చేలా ఊపవద్దు. సీసా చిన్నదైతే ముందు 800 మైక్రోలీటర్లలో కరిగించి పెద్ద గొట్టంలోకి మార్చి, మిగిలిన ద్రావణితో రెండుసార్లు సీసాను కడిగి అందులోనే కలపండి. ఇంకా మసకగా ఉంటే అది పూర్తిగా కరగలేదు. మసక ద్రావణానికి వేసిన లెక్క దేనికీ పనికిరాదు.

పిపెట్ నమ్మకంగా ఉందా అన్నది ఇక్కడే చూసుకోవాలి. తూకం మీద చిన్న పాత్ర ఉంచి 1000 మైక్రోలీటర్ల నీటిని పదిసార్లు తూచి సగటు తీయండి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 0.997 గ్రాములు, ఏసీ లేని గదిలో 35 డిగ్రీలుంటే 0.994 గ్రాములు రావాలి. ఉష్ణోగ్రత వల్ల నీటి సాంద్రతలో వచ్చే తేడా ఇంతే. అంతకుమించి తేడా కనిపిస్తే లోపం పిపెట్‌లోనో, చేతిలోనో ఉంది. ఐస్‌లో ఉంచిన ద్రావణాన్ని వేడి గదిలోని పిపెట్‌తో తీస్తే లోపలి గాలి వ్యాకోచ సంకోచాల వల్ల పరిమాణం మారుతుంది. పిపెట్, టిప్, ద్రావణం మూడూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండనివ్వండి.

ఆరో అడుగు: కాంతితో సరిచూడటం

ఇక్కడిదాకా వచ్చినది కాగితం మీది గాఢత. దాన్ని కొలిచిన గాఢతగా మార్చే దారి ఉన్నప్పుడు వాడుకోకపోవడం నాకు అర్థం కాని విషయం. ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ లేని జీవరసాయన విభాగం ఉండదు.

280 నానోమీటర్ల దగ్గర ఒక్కో ట్రిప్టోఫాన్‌కు 5500, ఒక్కో టైరోసిన్‌కు 1490, ఒక్కో డైసల్ఫైడ్ బంధానికి 125 చొప్పున మోలార్ శోషణ గుణకాన్ని కూడాలి. యూనిట్లు మోలార్‌కు, సెంటీమీటరుకు. యాంజియోటెన్సిన్‌లో టైరోసిన్ ఒక్కటే కాబట్టి 1490. బీర్-లాంబర్ట్ నియమం ప్రకారం శోషణను ఈ గుణకంతో, కాంతి మార్గం పొడవుతో భాగిస్తే మోలార్ గాఢత వస్తుంది.

20 మైక్రోలీటర్ల ద్రావణానికి 80 మైక్రోలీటర్ల బఫర్ కలపండి. గాఢత అయిదో వంతుకు, అంటే 0.4 మిల్లీమోలార్‌కు దిగాలి. ఒక సెంటీమీటరు మార్గంలో రావలసిన శోషణ 0.0004 × 1490 = 0.596. క్వార్ట్జ్ సూక్ష్మ క్యూవెట్ (ద్రావణం పోసే చిన్న పారదర్శక పాత్ర) వాడండి, ఎందుకంటే సాధారణ ప్లాస్టిక్ క్యూవెట్ ఈ తరంగదైర్ఘ్యంలో కాంతిని తానే మింగేస్తుంది. అదే బఫర్‌తో సున్నా చేయండి. 320 దగ్గర కూడా చదివి, అక్కడ ఏమైనా వస్తే 280 రీడింగ్ నుంచి తీసేయండి, అది కరగని రేణువుల వల్ల చెదిరిన కాంతి.

రీడింగ్ 0.550 వచ్చిందనుకుందాం. 0.550 ÷ 1490 = 0.000369 మోలార్, అంటే 0.369 మిల్లీమోలార్. అయిదుతో గుణిస్తే 1.85 మిల్లీమోలార్. లెక్క 2 అంటోంది, కొలత 1.85 అంటోంది. మూడుసార్లు విడివిడిగా విలీనం చేసి చదివినా అదే వస్తే నేను కొలతనే నమ్ముతాను, గొట్టం మీద 1.85 అనే రాస్తాను. తేడా పావు వంతుకు మించితే మాత్రం ఎక్కడో లవణం లెక్క తప్పింది, లేదా పొడి పూర్తిగా కరగలేదు. మొదటి అడుగుకు తిరిగి వెళ్లండి.

ట్రిప్టోఫాన్, టైరోసిన్ రెండూ లేని పెప్టైడ్‌కు ఈ దారి లేదు. 205 నానోమీటర్ల దగ్గర పెప్టైడ్ బంధాన్నే చదవవచ్చు. అక్కడ మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే శోషణ సుమారు 31, కాబట్టి బాగా పలుచన చేయాలి. కానీ టీఎఫ్‌ఏ, అసిటేట్, డీఎంఎస్‌ఓ కూడా ఆ ప్రాంతంలో అడ్డొస్తాయి. రంగుతో ప్రోటీన్‌ను కొలిచే బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష ఇంత చిన్న పెప్టైడ్‌లకు పనిచేయదు, ఆ రంగు పట్టడానికి గొలుసు ఇంకా పెద్దదిగా ఉండాలి. నిజంగా ఖచ్చితమైన అంకె కావాలంటే నమూనాను అమైనో ఆమ్ల విశ్లేషణకు పంపడమే మార్గం.

ఏడో అడుగు: పని ద్రావణాలు

ప్రయోగంలో ప్లేట్‌లోని 200 మైక్రోలీటర్ల గుంటలో 100 నానోమోలార్ కావాలి. 2 మిల్లీమోలార్ నుంచి అంటే ఇరవై వేల రెట్లు. ఒకే దెబ్బలో చేయాలంటే మైక్రోలీటరులో నూరో వంతు తీయాలి, ఏ పిపెట్‌కూ అది సాధ్యం కాదు. మెట్లు మెట్లుగా దిగాలి.

10 మైక్రోలీటర్లకు 190 కలిపితే ఇరవై రెట్లు పలుచనై 100 మైక్రోమోలార్.

దాని నుంచి 10కి 990 కలిపితే నూరు రెట్లు, 1 మైక్రోమోలార్.

దాని నుంచి 20 మైక్రోలీటర్లను 180 ఉన్న గుంటలో వేస్తే పది రెట్లు, 100 నానోమోలార్.

ఇరవై, నూరు, పది గుణిస్తే ఇరవై వేలు. సరిపోయింది. ఆరో అడుగులో 1.85 అని తేలితే మొదటి మెట్టు ఒక్కటే మారుతుంది: 10 మైక్రోలీటర్లను మొత్తం 185కి చేర్చాలి, అంటే 175 కలపాలి. మిగతావన్నీ యథాతథం. నోట్‌బుక్‌లో '1:10' వంటి నిష్పత్తులు రాయవద్దు. ఒకరు దాన్ని మొత్తం పది భాగాలని చదువుతారు, మరొకరు పదకొండని చదువుతారు. 'ఇంత తీసి, అంత కలిపాను' అని రాయండి.

నానోమోలార్ స్థాయిలో మరో నష్టం ఉంది. పెప్టైడ్ గొట్టం గోడలకు అంటుకుపోతుంది. ఆవేశం ఎక్కువున్నవి గాజుకు, నీటిని ఇష్టపడనివి ప్లాస్టిక్‌కు. తక్కువగా అంటుకునే రకం గొట్టాలు వాడండి. ప్రయోగానికి అడ్డు కాకపోతే బఫర్‌లో 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తం నుంచి తీసిన ప్రోటీన్) వేయండి. పలుచని ద్రావణాలను ఏ రోజుకు ఆ రోజే చేసుకోండి, దాచవద్దు.

ఎనిమిదో అడుగు: దాచడం

మాతృద్రావణాన్ని, అంటే మొదట చేసిన గాఢమైన ద్రావణాన్ని, ఒక్కో ప్రయోగానికి సరిపోయేంత చొప్పున చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 20 లేదా మైనస్ 80 డిగ్రీల వద్ద ఉంచండి. కరగడం, గడ్డకట్టడం పదేపదే జరిగితే పెప్టైడ్ చెడుతుంది. మంచు దానంతట అదే కరిగించుకునే ఇంటి రకం ఫ్రీజర్ వద్దు, అది రోజూ వేడెక్కి చల్లబడుతుంది. కరెంటు పోయే రోజుల కోసం గొట్టాల పెట్టెను ఫ్రీజర్ లోపలి మూలన, చుట్టూ ఐస్ ప్యాక్‌లతో ఉంచండి. డీఎంఎస్‌ఓ 18.5 డిగ్రీలకే గడ్డకడుతుంది కాబట్టి అందులోని ద్రావణాన్ని పూర్తిగా కరిగించి, బాగా కలిపాకే తీయాలి. సగం కరిగినప్పుడు తీస్తే గాఢత ఏ భాగంలో ఎంతో తెలియదు.

గొట్టం మీద పెప్టైడ్ పేరు, కొలిచిన గాఢత, ద్రావణి, తేదీ, మీ పేరు మొదటి అక్షరాలు ఉండాలి. నోట్‌బుక్‌లో బ్యాచ్ నంబరు, నికర శాతం, వాడిన అణుభారం, 280 దగ్గరి మూడు రీడింగ్‌లు రాయండి. తరువాతి బ్యాచ్‌లో నికర శాతం వేరుగా ఉంటుంది, పాత లెక్కను అలాగే దించుకుంటే సరిపోదు.

నెలల తరువాత పాత గొట్టం తీసినప్పుడు 280 దగ్గర మళ్లీ చదవండి. నీరు ఆవిరై గాఢత పెరిగినా, పెప్టైడ్ గోడకు అంటి తగ్గినా అక్కడ తెలుస్తుంది. కానీ గొలుసు తెగిందా లేదా అన్నది ఆ రీడింగ్ చెప్పదు. ముక్కలైన యాంజియోటెన్సిన్‌లో కూడా టైరోసిన్ అలాగే ఉంటుంది, కాంతినీ అంతే పీల్చుకుంటుంది. ఆ అనుమానం ఉంటే హెచ్‌పీఎల్‌సీలో నడిపి, కొత్తగా కరిగించిన రోజున తీసుకున్న గ్రాఫ్‌తో పోల్చండి. ఆ గ్రాఫ్ అప్పటికి మీ దగ్గర ఉండాలంటే మొదటి రోజే ఒకసారి నడిపి దాచుకోవాలి.